ఉద్దానం తీరంలో తుఫాను రేడియో: పని డైరీ

తుఫాను వెళ్ళిపోయాక కరెంటూ ఫోనూ లేని తీర గ్రామం నుంచి జిల్లా కేంద్రమైన శ్రీకాకుళానికి సందేశం చేర్చగల హామ్ రేడియో (లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు నడిపేది) కేంద్రం ఒకటి తయారు చేస్తున్నాం. ఇదే పని తలపెట్టేవారికి ఉపయోగపడతాయని కొలతలు, ఖర్చులు, చెడిపోయినవి, మార్చినవి ఎప్పటికప్పుడు రాసిపెడుతున్నాను. ఎందుకు మొదలుపెట్టామన్నది రాయను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడున్నవారికి అది చెప్పనక్కరలేదు.

మనుషులం నలుగురం. వజ్రపుకొత్తూరు మండలంలో తీరానికి దగ్గరగా ఉన్న ఒక తుఫాను షెల్టరు మీద నేనూ మా బావమరిదీ. శ్రీకాకుళంలో మాస్టారు, భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. విజయనగరంలో ఒక మిత్రుడు. నలుగురికీ లైసెన్సులున్నాయి. ఇది చదివి రేడియో కొనబోయేవారు ముందు అమెచ్యూర్ (హామ్) స్టేషన్ ఆపరేటర్ పరీక్ష రాయండి. లైసెన్సు లేకుండా బటను నొక్కకూడదు.

కేంద్రానికి మేము పెట్టుకున్న షరతులు:

1. ఇద్దరు మనుషులు మోయగలగాలి.
2. అరగంటలో నిలబెట్టగలగాలి.
3. నేరుగా కొలిస్తే సుమారు 70 కిలోమీటర్లున్న శ్రీకాకుళానికి రాత్రీ పగలూ మాట చేరాలి.
4. కరెంటు లేకుండా 24 గంటలు నడవాలి.

హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్, దూరాలకు వాడేది) రేడియో నా దగ్గర ఉన్నదే, సెకండ్‌హ్యాండు. దాని ధర లెక్కలో కలపలేదు. మా బావమరిదిది రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సు, హెచ్‌ఎఫ్‌లో 50 వాట్లకు మించి వాడకూడదు. అందుకని కొలతలన్నీ 50 వాట్లతోనే తీశాం.

దశ 1: నిలువు యాంటెన్నా

పది మీటర్ల ఫైబర్‌గ్లాస్ కర్రకు తీగ కట్టి నిలబెట్టాం. కింద ఇసుక మీద ఎనిమిది తీగలు, ఒక్కొక్కటి పది మీటర్లు. చోటు తక్కువ పడుతుంది, స్తంభం ఒకటే. ఎస్‌డబ్ల్యుఆర్ (పంపిన పవరు యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత, 1 అయితే ఏమీ రానట్టు) 1.3 వచ్చింది. కొలత చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు.

సాయంత్రం 7.1 మెగాహెర్ట్జ్‌లో ఢిల్లీ స్టేషను ఎస్-9తో (మీటరు మీద సిగ్నలు బలం, ఎస్-9 అంటే చాలా గట్టిగా) వచ్చింది. చెన్నై కూడా బాగానే వచ్చింది. శ్రీకాకుళం నుంచి మాస్టారు పిలుస్తున్నానని ఫోనులో చెబుతూనే ఉన్నారు, మాకు గరగర తప్ప ఏమీ వినపడలేదు. పవరు పెంచి చూశాం. నేల తీగలు తడిపి చూశాం. ఫలితం లేదు.

కారణం యాంటెన్నా స్వభావంలోనే ఉంది. నిలువు తీగ తరంగాన్ని దిగంతం వైపు తక్కువ కోణంలో పంపుతుంది. అది పైన అయనోస్ఫియర్‌ను, అంటే రేడియో తరంగాలను వెనక్కి తిప్పే వాతావరణ పొరను, తాకి దిగేసరికి వందల కిలోమీటర్లు దాటిపోతుంది. నేలను అంటి పోయే తరంగం 7 మెగాహెర్ట్జ్‌లో, అందులోనూ పొడి నేల మీద, కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య ఏమీ వినపడని పట్టీ ఒకటి మిగులుతుంది. శ్రీకాకుళం సరిగ్గా అందులో ఉంది. విపత్తులో మనకు కావలసింది పొరుగు పట్టణం. ఢిల్లీ తర్వాత సంగతి.

ఖర్చు: కర్ర 3,800, తీగ 90 మీటర్లు 1,800, కనెక్టర్లు 400.
ఇప్పటివరకు: 6,000 రూపాయలు. బరువు ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీతో కలిపి 64 కిలోలు. నిలబెట్టడానికి ముగ్గురికి 55 నిమిషాలు.

దశ 2: పడుకోబెట్టిన డైపోల్

తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే అది చుట్టుపక్కల 300, 400 కిలోమీటర్ల మేర వానలా దిగుతుంది. అందుకు తీగను నేలకు సమాంతరంగా, తక్కువ ఎత్తులో కట్టాలి. నిలువు యాంటెన్నాను పక్కన పడేసి అదే తీగతో డైపోల్, అంటే మధ్య నుంచి రెండు వైపులా సమానమైన చేతులున్న యాంటెన్నా, చేశాం.

1. 142.6ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.08, అంటే ఒక్కో చేయి 10.04 మీటర్లు.
2. మధ్యలో ఫెరైటు (ఇనుప ఆక్సైడు పింగాణీ) వలయం మీద చుట్టిన బాలన్. ఇది లేకపోతే కేబులు పైపొర కూడా యాంటెన్నాగా మారి రేడియో మైకు దగ్గర చురుక్కుమనిపిస్తుంది.
3. సరుగుడు గుంజలు మూడు. ఈ తీరంలో ఇవి ఎక్కడైనా దొరుకుతాయి, మోసుకుపోనక్కరలేదు.

నాలుగు మీటర్ల ఎత్తున కట్టి మాస్టారి నానో వీఎన్ఏతో (యాంటెన్నా ఏ పౌనఃపున్యంలో పలుకుతుందో చూపే చిన్న పరికరం) చూస్తే 6.85 మెగాహెర్ట్జ్ దగ్గర పలికింది. సూత్రం వట్టి రాగి తీగకు. మాది ప్లాస్టిక్ తొడుగున్న తీగ, పైగా నేలకు దగ్గరగా ఉంది. రెండూ పౌనఃపున్యాన్ని కిందికి లాగుతాయి. 10.04ను 6.85తో గుణించి 7.1తో భాగిస్తే 9.69. అంటే ఒక్కో వైపు 35 సెంటీమీటర్లు తగ్గాలి. కత్తిరించకండి. కొసను వెనక్కి మడిచి అదే తీగకు బిగించి చుట్టండి, పని అలాగే జరుగుతుంది. ఇంకో నేల మీద కట్టినప్పుడు విప్పి పొడవు పెంచుకోవచ్చు.

ఎత్తు మార్చి శ్రీకాకుళంలో మాస్టారు చూసిన మీటరు రీడింగులు:

- 2 మీటర్లు: ఎస్-5, ఎస్-6 మధ్య
- 4 మీటర్లు: ఎస్-7
- 6 మీటర్లు: ఎస్-7 దాటి కాస్త

నాలుగు నుంచి ఆరుకు పెంచితే వచ్చిన లాభం చెవికి తెలియలేదు. గుంజల బరువు మాత్రం భుజానికి తెలిసింది. నాలుగు మీటర్లే ఖాయం చేశాం. విజయనగరం, నేరుగా 130 కిలోమీటర్లు, అదే సాయంత్రం అందింది.

ఇక ఇసుక. గుంజలకు కట్టిన తాళ్ళను అడుగున్నర ఇనుప మేకులకు బిగించాం. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేసరికి ఒక మేకు పైకి వచ్చేసింది, గుంజ ఒరిగింది. వలలు బాగుచేసుకుంటున్న ఒక తాత చూస్తూ ఉన్నాడు. "బాబూ, ఇసుకలో మేకు నిలవదు. సంచి పాతండి" అన్నాడు. ఖాళీ సిమెంటు సంచిలో ఇసుక నింపి, నడుముకు తాడు కట్టి, రెండడుగుల లోతున అడ్డంగా పడుకోబెట్టి పూడ్చాలి. తాడు పైకి వాలుగా రావాలి.

చేపల కొనుగోలుదారు దగ్గర 50 కిలోల స్ప్రింగు త్రాసు అడిగి తెచ్చి రెండూ లాగి చూశాం. మేకు 11 కిలోలకే ఊడింది. సంచి త్రాసు చివరి గీత వరకు లాగినా కదల్లేదు. ఇనుప మేకులు ఇంటికి పంపేశాం. ఖాళీ సంచుల బరువెంత, సామానులో కలిసిపోతాయి.

ఖర్చు: ఫెరైటు, బాలన్ పెట్టె 900, గుంజలు 450, నైలాన్ తాడు 350.
ఇప్పటివరకు: 7,700 రూపాయలు. నిలబెట్టడానికి ఇద్దరికి 40 నిమిషాలు.

దశ 3: కరెంటు

ఇన్వర్టర్ బ్యాటరీ 150 ఆంపియర్-అవర్లది. దాంతో ఒక వారం నడపవచ్చనుకుంటే, బటను నొక్కి రెండు మాటలు మాట్లాడేసరికి రేడియో ఆరిపోయింది. బ్యాటరీ పాతదని మా బావమరిది తీర్మానించాడు. మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ కొసల దగ్గర 12.6 వోల్టులు నిలకడగా ఉంది. రేడియో వెనక మాత్రం మాట్లాడేటప్పుడు 11.0.

దొంగ తీగ. ఇంటి వైరింగులో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఆరు మీటర్లు. పోను రాను పన్నెండు మీటర్లు. మీటరుకు సుమారు 7.4 మిల్లీ ఓములు, మొత్తం 0.09 ఓములు. మాట్లాడేటప్పుడు రేడియో 18 ఆంపియర్లు లాగుతుంది. గుణిస్తే 1.6 వోల్టులు దారిలోనే పోతున్నాయి. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ తెచ్చి ఒకటిన్నర మీటరుకు కుదించాం. నష్టం 0.2 వోల్టు కూడా లేదు. ఫ్యూజు బ్యాటరీ కొస దగ్గరే ఉండాలి, రెండు తీగలకూ. రేడియో దగ్గర పెడితే మధ్యలో తీగ నలిగినప్పుడు అది కాపాడదు.

తప్పు బ్యాటరీది కాకపోయినా బ్యాటరీని మార్చాం, ఎందుకంటే 55 కిలోలు. తిత్లీ తర్వాత వేల స్తంభాలు, లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు దారులకు అడ్డంగా పడ్డాయి. బండి వెళ్ళని దారిలో ఆమ్లం ఉన్న బ్యాటరీని చెట్ల మీదుగా దాటించడం కుదరదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 12.8 వోల్టులు, 40 ఆంపియర్-అవర్లు, 5.2 కిలోలు. అందులో 80 శాతం, అంటే 32 వాడుకోవచ్చు.

వాడకం లెక్క:

1. వింటున్నప్పుడు 0.9 ఆంపియరు.
2. మాట్లాడేటప్పుడు గరిష్ఠం 18 అయినా, మాటల మధ్య ఖాళీలు పోను సగటున 9.
3. గంటలో 6 నిమిషాలు మాట్లాడితే: 0.9 + 0.8 = 1.7.
4. 24 గంటలకు 41. బ్యాటరీ 19 గంటలకే పడుకుంటుంది.

అందుకని సమయపట్టిక పెట్టాం. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు వరకు ప్రతి గంట మొదటి పది నిమిషాలే రేడియో తెరుస్తాం. ఆ పది గంటలకు గంటకు 0.3 చొప్పున 3, మిగతా పద్నాలుగు గంటలకు 24. మొత్తం 27. ఇంకో బ్యాటరీ కొనకుండానే షరతు తీరింది. గడియారాలు నాలుగూ కలిసి ఉండాలి, అంతే.

సౌరఫలకం 100 వాట్లది. ఎండలో 5.2 ఆంపియర్లు ఇచ్చింది, మబ్బు పట్టిన రోజున 0.7. తుఫాను మరుసటి రోజు మబ్బే ఉంటుందనుకుని లెక్క వేసుకోవాలి. దీనితో వచ్చిన అసలు చిక్కు వేరు. చార్జి కంట్రోలరు (ఫలకం నుంచి బ్యాటరీకి కరెంటును అదుపులో పంపేది) తగిలించగానే రేడియోలో చప్పుడు ఎస్-3 నుంచి ఎస్-8కి ఎగిరింది. మాస్టారి గొంతు ఎస్-7. అంటే ఫలకం పనిచేస్తున్నంతసేపూ శ్రీకాకుళం లేదు. తీగలకు ఫెరైటు గొట్టాలు తొడిగితే చప్పుడు ఎస్-5కి దిగింది. ఆ పైన తగ్గలేదు. చివరికి వేగంగా ఊడదీయగల కనెక్టరు పెట్టాం. బలహీనమైన స్టేషను వినాల్సి వచ్చినప్పుడు ఫలకం పీకేస్తాం. సొగసుగా లేదు గానీ నమ్మదగినది.

షెల్టరులోని చవక ఎల్‌ఈడీ బల్బులూ ఇలాగే గోల చేస్తాయి. కరెంటు పోయాక ఆ బాధ ఉండదు.

ఖర్చు: బ్యాటరీ 16,000, ఫలకం 4,200, కంట్రోలరు 1,600, తీగ, ఫ్యూజులు, కనెక్టర్లు 700, ఫెరైటు గొట్టాలు 600.
ఇప్పటివరకు: 30,800 రూపాయలు. బరువు గుంజలు కాక 20 కిలోల పైచిలుకు.

దశ 4: పలాస వైపు వీహెచ్ఎఫ్

వీహెచ్ఎఫ్ అంటే 30 నుంచి 300 మెగాహెర్ట్జ్, దగ్గరి దూరాలకు వాడేది. దీన్ని క్లుప్తంగా ముగిస్తాను, ఇది త్వరగానే తేలింది. చేతిసెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నాతో కొబ్బరి, జీడి తోటల మధ్య రెండున్నర కిలోమీటర్లు దాటలేదు. ఆకులో నీరుంటుంది, 145 మెగాహెర్ట్జ్ దానికి లొంగుతుంది. షెల్టరు పైకప్పు మీద వెదురు కర్రకు స్లిమ్ జిమ్ యాంటెన్నా కట్టి నేల నుంచి 11 మీటర్లకు చేర్చాం. రిబ్బను తీగతో చేసుకున్నది, చుట్టేస్తే జేబులో పడుతుంది.

దూరం లెక్క సులువు. రెండు యాంటెన్నాల ఎత్తుల వర్గమూలాలు కూడి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు. 11 మీటర్లకు 13.7, అవతల నిలబడిన మనిషి చేతిసెట్టుకు 5. మొత్తం 18.7, అదీ అడ్డేమీ లేకపోతే. తోటల వల్ల మాకు 13 దగ్గర మాట తెగడం మొదలైంది. అవతలివాడు మేడ ఎక్కితే మళ్ళీ కుదురుకుంది.

మొదట వాడిన సన్నని ఆర్‌జీ-58 కేబులు 15 మీటర్లకే సగం పవరు మింగింది. ఈ పౌనఃపున్యంలో దాని నష్టం 100 మీటర్లకు సుమారు 20 డెసిబెల్, అంటే 15 మీటర్లకు 3. మూడు డెసిబెల్ పోతే పవరు సగమవుతుంది. 5 వాట్లు పంపితే పైకి చేరేది రెండున్నర. తక్కువ నష్టముండే లావు కేబులు వేశాక 4 వాట్లు దాటి చేరుతోంది. హెచ్‌ఎఫ్‌కు మాత్రం ఆ సన్నని కేబులే ఉంచాం, అక్కడ తేడా పట్టించుకోనక్కరలేదు.

ఖర్చు: 2,450. ఇప్పటివరకు: 33,250 రూపాయలు.

దశ 5: సందేశం

రేడియో పనిచేయడం మొదలయ్యాక, సందేశాలు పనిచేయడం లేదని తెలిసింది. మాకు ఎక్కువ కాలం పట్టింది ఈ దశకే.

అభ్యాసంలో మా బావమరిది పంపినది: "మంచినీళ్ళపేటకు మంచినీళ్ళ ట్యాంకర్లు రెండు కావాలి." విజయనగరం మిత్రుడు రాసుకున్నది: "పేటకు మంచినీళ్ళ ట్యాంకర్లు మూడు." గరగరలో మొదటి 'మంచినీళ్ళ'ను తడబాటు అనుకుని కొట్టేశాడు. ఊరు పోయింది. రెండు మూడైంది. రేడియోలో గొంతు స్పష్టంగానే ఉంది, రికార్డు చేసినది విన్నాం కూడా.

తెలుగు అంకెల్లో రెండు, మూడు, ఏడు ఒకే తోకతో ముగుస్తాయి. చప్పుడులో తోకే మిగులుతుంది. ఇరవై, అరవై సంగతి ఇంకా దారుణం. ఇరవై దుప్పట్లు అడిగితే అరవై రావడం ఒక రకంగా అదృష్టం, అరవై మంది రోగులను ఇరవై అని రాసుకుంటే ఏమవుతుంది? అందుకని:

1. అంకెలన్నీ ఇంగ్లీషులో, విడివిడిగా. అరవైకి "సిక్స్, జీరో".
2. ఊరి పేరుకు ముందు "ఊరు" అనాలి, తర్వాత మండలం చెప్పాలి. "ఊరు మంచినీళ్ళపేట, మండలం వజ్రపుకొత్తూరు." జిల్లాలో పేటలకూ వలసలకూ లెక్కలేదు.
3. ఊరి పేరును తెలుగు అక్షరాల్లోనే విడదీసి పలకాలి. ఆల్ఫా, బ్రావో పద్ధతి (ఏ, బీ అక్షరాలకు బదులు ఆ మాటలు పలకడం) కాల్‌సైన్లకు, అంటే స్టేషన్ల గుర్తింపు పేర్లకు, ఉంచుకున్నాం. తెలుగు పేరును ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చి పంపితే అవతల మళ్ళీ తెలుగులోకి వచ్చేటప్పుడు నువ్వలరేవు ఇంకేదో రేవు అవుతోంది.
4. వింటున్నవారు మొత్తం తిరిగి చదవాలి. "అందింది" అన్న మాట ఒక్కటే చెల్లదు.

ఫారం కూడా మారుతూ వచ్చింది. మొదటిదాంట్లో చాలా గళ్ళు పెట్టాం, సగం ఖాళీగా వచ్చేవి. ఇప్పుడున్నవి: వరుస సంఖ్య, ప్రాధాన్యం, ఎవరి నుంచి, ఎవరికి, రాసిన సమయం, పదాల సంఖ్య, విషయం, సంతకం. కింద మేము నింపేవి రెండు: పంపిన సమయం, అందుకున్న స్టేషను. పదాల సంఖ్య గడి ఎందుకని మా బావమరిది గొణిగాడు. అవతల లెక్కపెట్టి చూసుకుంటే పోయిన పదం వెంటనే దొరుకుతుంది. మంచినీళ్ళపేట అక్కడే దొరికేది.

ఫారం లేకుండా 25 పదాల సందేశానికి 6 నిమిషాలు పట్టేది, తప్పులతో. ఇప్పుడు తిరిగి చదవడంతో కలిపి 3. బ్యాటరీ లెక్కలో ఈ తేడా ఎంతో మీరే చూసుకోండి.

ప్రాధాన్యం దగ్గర మాస్టారికీ నాకూ వాదన జరిగింది. ఉద్దానంలో మూత్రపిండాల రోగులు ఎక్కువ. పలాస, సోంపేట, కవిటి వైపు డయాలిసిస్ కేంద్రాలకు తిరిగేవారు ప్రతి పల్లెలోనూ ఉంటారు. దారులు మూసుకుపోతే వీరి సందేశం ఏ వరుసలో పెట్టాలి? "ఈ క్షణం ప్రాణం మీదకు రాలేదు కదా, రెండో వరుస" అన్నారు మాస్టారు. రెండు రోజుల్లో వస్తుందన్నాను నేను. చివరికి ఒప్పుకున్నది ఇది: వరుస నిర్ణయించడం రేడియో మనిషి పని కాదు. రోగి చివరిసారి డయాలిసిస్ చేయించుకున్న తేదీ, తర్వాతి తేదీ సందేశంలో తప్పనిసరిగా రాస్తాం. చదివే వైద్యుడికి అవే కావాలి. ఈ జాబితాను తుఫాను హెచ్చరిక రాగానే ఆశా కార్యకర్తను అడిగి ముందే రాసుకోవాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన అమెచ్యూర్ నియమాల ప్రకారం ఇతరుల తరఫున సందేశాలు పంపడం మామూలుగా కుదరదు. తుఫాను, వరద, భూకంపం వంటి విపత్తుల్లో కుదురుతుంది, అదీ కలెక్టరు, సబ్ డివిజనల్ అధికారి స్థాయి అధికారుల నుంచి, అలాంటి అధికారులకు వెళ్ళేవి. రేడియో చుట్టూ జనం మూగి "హైదరాబాదులో మా అబ్బాయికి చెప్పు బాబూ" అన్నప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకోకపోతే అక్కడ గొడవవుతుంది. మా ఏర్పాటు: ఊరివారు క్షేమమన్న పేర్ల జాబితాను గ్రామ సచివాలయంలో ఒకే కాగితంగా రాయించి, అధికారి ద్వారా వచ్చినప్పుడే పంపడం. రేడియో గదికి తలుపు ఉండాలి. కాగితం తెచ్చేవాడు ఒక్కడే లోపలికి రావాలి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ బృందం అప్పటికే హామ్ స్టేషను నడుపుతూ ఉంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్ళినవారు. వినోదానికి నడుస్తున్న స్టేషను ఆ రోజే విపత్తు స్టేషనుగా మారింది. ఆ కథ చెప్పుకుని మురిసిపోయే హామ్‌లను చాలామందిని చూశాను. అక్కడ యాంటెన్నాలు నిలబడి ఉన్నాయి, చేయి తిరిగిన ఆపరేటర్లు ముందు కూర్చుని ఉన్నారు. మనకు ఆ రెండూ ఉచితంగా రావు. అభ్యాసం ప్రతి ఆదివారం ఉండాల్సిందే.

ఖర్చు: కార్బను పుస్తకాలు 280, తలకు కట్టుకునే లైటు 500, మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ము 650, తేమ పీల్చే గుళికలు 120.
ఇప్పటివరకు: 34,800 రూపాయలు.

దశ 6: తెల్లవారుజాము

"రాత్రీ పగలూ" అన్న షరతును పరీక్షించడానికి ఒక రాత్రంతా గంటగంటకూ పిలుచుకున్నాం. రాత్రి పదకొండు వరకు 7.1 బాగుంది. రెండు తర్వాత మాస్టారు సన్నబడుతూ వచ్చారు. నాలుగుకు పూర్తిగా లేరు. దూరపు స్టేషన్లు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. సూర్యోదయమయ్యాక మళ్ళీ వచ్చారు.

రాత్రి ఎండ లేక అయనోస్ఫియర్ పలచబడుతుంది. తెల్లవారేముందు అన్నిటికన్నా పలచన. నిట్టనిలువుగా వెళ్ళిన 7 మెగాహెర్ట్జ్ తరంగాన్ని అది వెనక్కి పంపలేదు, అంతరిక్షంలోకి వదిలేస్తుంది. ఆ వేళకు 3.5 నుంచి 3.7 మెగాహెర్ట్జ్ మధ్యకు దిగాలి. పగలు అదే పౌనఃపున్యాన్ని కింది పొర మింగేస్తుంది కనుక రెండూ ఉండాలి. తిత్లీ తీరం దాటినది నాలుగున్నర, ఐదున్నర మధ్య. మొదటి వెలుతురుకు ముందు, సాయం అడగాల్సిన ఆ గంటలోనే మా యాంటెన్నా మూగది.

3.6కి డైపోల్ 39.6 మీటర్లు. అదే బాలన్‌కు రెండో జత తీగలు కలిపాం. దిగువకు వేలాడకుండా రెండు జతల మధ్య ప్లాస్టిక్ గొట్టం ముక్కలు. ఒక కొసకు గుంజ చాలలేదు, కొబ్బరి చెట్టుకు కట్టాం. చెట్టు ఊగింది, తీగ ఇన్సులేటరు దగ్గర పుటుక్కున తెగింది. తర్వాత చెట్టుకు కప్పీ కట్టి, తాడు కొసన ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా వేలాడదీశాం. చెట్టు ఊగితే డబ్బా పైకీ కిందికీ ఆడుతుంది, తీగ మీద లాగుడు మారదు. కొత్త జత కలపగానే పాత జత పౌనఃపున్యం కాస్త జరిగింది. మడిచిన కొసలు విప్పి మళ్ళీ సరిచేశాం. కత్తిరించవద్దన్నది ఇందుకే.

ఆ తర్వాతి పరీక్షలో నాలుగింటికి 3.6లో శ్రీకాకుళం ఎస్-8, విజయనగరం ఎస్-6. విజయనగరంలో చప్పుడే ఎస్-5 ఉంది గనుక అక్కడివాడు వినడానికి కష్టపడ్డాడు.

ఖర్చు: 1,100. ఇప్పటివరకు: 35,900 రూపాయలు.

దశ 7: దించడం

తుఫానుకు నిలబడే యాంటెన్నా కట్టాలని కొందరు సలహా ఇచ్చారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి విశాఖలోని డాప్లర్ వాతావరణ రాడారే దెబ్బతింది. మా సరుగుడు గుంజ ఏపాటిది? హెచ్చరిక రాగానే అన్నీ దించి డ్రమ్ములో పెట్టి మూత బిగించడం, గాలి తగ్గాక మళ్ళీ కట్టడం: ఇదే మా పద్ధతి. కనుక దించడం, ఎత్తడం అభ్యసించాం, చీకట్లో, తడి తాళ్ళతో.

ఎక్కువ సమయం తినేసినవి చిక్కుపడిన తీగలు. చేతికి చుట్టుకుని దాచిన తీగ విప్పేటప్పుడు ముడిపడుతుంది. గాలిపటాల దారం చుట్టినట్టు ఎనిమిది అంకె ఆకారంలో చెక్క మీద చుట్టాలి. గుంజలకు రంగు పట్టీలు, తాళ్ళకు అవే రంగులు. సంచులు పాతే చోట్లు షెల్టరు గోడ నుంచి అడుగులతో కొలిచి గోడ మీద రాసిపెట్టాం.

ఇద్దరికి, పగలు 24 నిమిషాలు. రాత్రి వానలో 37. షరతు అరగంట. రాత్రి ఏడు నిమిషాలు ఎక్కువ పడుతున్నది సంచుల్లో తడి ఇసుక నింపేటప్పుడే. పార కొత్తది, పొట్టి పిడిది చేయిస్తున్నాం.

ఉప్పుగాలి సంగతి రాయకపోతే ఈ డైరీ అసంపూర్ణం. నెల రోజులు పైకప్పు మీద వదిలేసిన కేబులు కొస విప్పితే లోపలి అల్లిక పచ్చబడింది. కనెక్టరు మీద చుట్టిన మామూలు నల్ల టేపు తేమను ఆపలేదు, పట్టి ఉంచింది. తనకు తాను అంటుకుపోయే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద నల్ల టేపు వేయాలి. కేబులు రేడియోలోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు వదలాలి, నీరు అక్కడే కారిపోతుంది.

మిగిలినవి

1. అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి. దరఖాస్తు ఇచ్చాం. అది వచ్చేవరకు అభ్యాస సందేశాలన్నిటికీ ముందు, వెనక "అభ్యాసం" అని చెబుతున్నాం, విన్నవారు నిజమనుకోకుండా.
2. విజయనగరంలో చప్పుడు. మిత్రుడి ఇల్లు ఊరి మధ్యలో ఉంది, చుట్టూ చార్జర్లు, బల్బులు. వినడానికి మాత్రమే చిన్న వలయాకారపు యాంటెన్నా చేసి తిప్పి చూస్తున్నాడు. ఒక దిక్కున చప్పుడు ఎస్-3కి పడింది, కానీ శ్రీకాకుళం కూడా తగ్గింది. ఎంత తగ్గిందో వచ్చే ఆదివారం కొలుస్తాం.
3. రెండో ఆపరేటరు. మా బావమరిది పలాసలో లేని రోజు నేను ఒంటరిని. షెల్టరు ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు పరీక్షకు చదువుతున్నారు. లైసెన్సు వచ్చేదాకా వాళ్ళకు ఫారాలు రాయడం, సంచులు పాతడం అప్పగించాం.
4. డ్రమ్ము మూత రబ్బరు పగిలింది. కొత్తది 40 రూపాయలు. మొత్తం 35,940.